రాయవేలూరి కారాగార విద్యాలయము

రాయవేలూరు అనగానే మనవారికి కోటయు, జలకంఠేశ్వరాలయమును, పెద్ద ఆసుపత్రియు స్ఫురించును. పెద్దలకు సెంట్రల్ జైలుకూడ స్మృతికి వచ్చును. 1921 డిసెంబరులో రాజాజీ అందు ప్రవేశించి, మూడు నెలలు దినచర్య వ్రాసికొనిరి. బరంపురమున తెలుగు కుటుంబములో జన్మించి, పిమ్మట రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1942 మొదలు 1945 వరకు సాగిన నిర్బంధములో కొంతకాల మచటనే గడపిరి.

ఆ యూరనే జైళ్లకు సంబంధించిన విద్యాలయ మొకటి కలదు. అది ఖైదీలకు కాదు. ఖైదీలను కనిపెట్టి యుండు అధికారులకు.

1894 నాటి కారాగార చట్టమునకు కాపలా, క్రమశిక్షణలే ప్రధానములు. 1919-20లో కార్డ్యూ దొర అధ్యక్షతను విచారణ జరిపిన సంఘము, ఖైదీని సంస్కరించుటయు కారాగార ధర్మమేయని చాటినది. మంచిదే, కాని సంస్కరించు విధము జైలరుకు నేర్పువారెవరు? క్రొత్తవాడు పాతవాని వెంట తిరిగి నేర్వవలసినదే. నేను గుమాస్తాగా చేరిననాడును పని నేర్పినది పాత గుమాస్తాయే. ఆయన దస్తూరితోపాటు విసుగుకూడ మా కబ్బినది. కచేరీలో ఆ విసుగువలన కాగిత మాలస్యమగును. జైలులో నైతే మనుష్యుడే నలిగిపోవును.

1940లో లక్నోలో జైలు శిక్షణ పాఠశాల వెలసినది. రాజ్యాంగము ప్రకారము కారాగారములు రాష్ట్రముల యధీనము. ఒక్కొక్క రాష్ట్రము ప్రత్యేక విద్యాలయమును పోషించుట సులభము కాదు. 1979లో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ ప్రభుత్వములు కలిసి వేలూరిలో ఉమ్మడిగా ఈ సంస్థను నెలకొల్పినవి. దాని నేటి పేరు అకాడమీ ఆఫ్ ప్రిజన్స్ అండ్ కరెక్షనల్ అడ్మినిస్ట్రేషన్. ఇచట జైలు అధికారులు చట్టముతోపాటు నేరశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము, సంఘసేవ, మానవ హక్కులు అభ్యసింతురు. అంతకు మునుపటి యేడే, 1978లో, సునీల్ బాత్రా వ్యాజ్యమున సుప్రీంకోర్టు జైలుగోడల లోపలకూడ ప్రాథమిక హక్కులు నశింపవని తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పు కాగితముపై నిలువక కొట్టులోనికి చేరవలెనన్న, తాళపుచెవి పట్టినవానికి అది తెలిసియుండవలెను గదా! 1980-83 నాటి ముల్లా సంఘముకూడ సిబ్బంది శిక్షణను గట్టిగా కోరినది.

పరభాషా రాష్ట్రములలో తరతరములుగా వసించు మన కిందొక విశేషము గోచరించును. వార్డరు మాట బోధపడక, తన మొర చెప్పుకొనలేని ఖైదీ ఒక నేరమునకు రెండు శిక్ష లనుభవించును. భిన్నభాషల యధికారులు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనుట, ఆ రెండవ శిక్షను కొంతయైన తగ్గింపగలదని నా యాశ.

ప్రభుత్వము తన పని చేయుగాక. మనమును కొంత చేయవచ్చును. మన సంఘముల గ్రంథాలయములలో చదువువారు లేక పడియున్న తెలుగు పుస్తకములను, అధికారుల యనుమతితో సమీప కారాగారమునకు పంపుదము. పరభాషల నడుమ స్వభాష వినబడినప్పుడు కలుగు ఊరట మనకు తెలియనిది కాదు.