రావణుని నుండి యంత్రపురుషుని వరకు

మన సంఘ సంచికలలో కోలారు బంగారు గనుల చరిత్రను గూర్చియు, మన పండుగలను గూర్చియు పెద్దలు వ్రాయుట వాడుక. అయితే మన కుటుంబములలో తాతల నాటినుండి నేటివరకు తెగని ముచ్చట మరియొకటి కలదు. అది సినిమా ముచ్చట. దానికిని ఒక చరిత్ర యున్నది. మనము నెత్తిన పెట్టుకొన్న నటుడు దుష్టపాత్ర ధరించినప్పుడు అభిమానులు ఏమి చేసిరి? ఆ దుష్టుడు పురాణ రాక్షసుడు కాక, యంత్రములతోను రసాయనములతోను లోకమును పీడించు విజ్ఞాన రాక్షసుడైనప్పుడు ఏమి చేసిరి? ఈ రెండు ప్రశ్నలనే ఈ వ్యాసమున తీసికొనుచున్నాను. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడను. కాని మారికుప్పం బండిలో రోజూ ప్రయాణము చేయువానికి సినిమా శాస్త్రము తెలియకపోవుట అసాధ్యము.

ముందుగా మన ఊరి సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ గనుల పని చేపట్టిన తరువాత, చిత్తూరు సీమ నుండి మన పెద్దలు, ఉత్తర ఆర్కాడు నుండి తమిళ సోదరులు కూలికి వచ్చి లైను ఇండ్లలో చేరిరి. 1902లో శివసముద్రము నుండి సుమారు 92 మైళ్ల దూరము తీగలు లాగి ఇక్కడికి కరెంటు తెచ్చిరి. ముల్బాగలు, శ్రీనివాసపురము తాలూకాలలో తెలుగు ఎప్పటినుండియో ఉన్నదే. అందువలన మనవారికి ఇంట తెలుగు, లైనులో తమిళము, కచేరిలో కన్నడము. ఇటువంటి ఊరిలో అభిమాన నటుడు ఒక్కడే యుండుట ఎట్లు సాధ్యము? ఒకే వరుసలో ఒక ఇంట రామారావు పటము, ప్రక్క ఇంట ఎమ్.జి.ఆర్. పటము, ఆ ప్రక్క ఇంట రాజ్‌కుమార్ పటము ఉండెడివి. ముగ్గురి అభిమానులును ఒకే షాఫ్టులో దిగి ఒకే బండరాయిని కొట్టినవారే.

1958వ సంవత్సరము మనకు ముఖ్యమైనది. ఆ యేడు ఏ.వి.ఎమ్. వారు ‘భూకైలాస్’ కథను తెలుగున ఎన్.టి.రామారావుతోను, కన్నడమున రాజ్‌కుమార్‌తోను తీసిరి. రెండింటను కథానాయకుడు వేసిన వేషము రావణునిదే. అంతకు ముందు సంవత్సరమే, 1957లో, ‘మాయాబజార్’లో శ్రీకృష్ణుడుగా కనుపించి ఇంటింట పూజలందుకొన్న రామారావు, మరుసటి యేట పది తలల రాక్షసుడైనాడు. జనము కోపగించుకొనలేదు సరిగదా, మరల మరల చూచిరి. 1961లో ఆయన స్వయముగా దర్శకత్వము వహించిన ‘సీతారామ కల్యాణము’లో మరల రావణుడు. 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయము’న కృష్ణుడును తానే, దుర్యోధనుడును తానే. 1977 సంక్రాంతికి విడుదలయిన ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడును తానే. ఆ మూటిలో కొండవీటి వెంకటకవి వ్రాసిన సుయోధనుని సంభాషణలనే మన పెద్దలు నేటికిని గడగడ అప్పజెప్పుదురు. కృష్ణుని మాటలు అంతగా జ్ఞప్తియందు లేవు.

దీనికి కారణము లేకపోలేదు. మన పల్లెల పద్యనాటకములలో రావణుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు వేయుటకు మంచి గొంతు, మంచి నిలుపు ఉన్నవానినే ఏరి పెట్టెడివారు. రావణుడు పాపి, కాని శివభక్తుడు, వేదవేత్త. దుర్యోధనుడు అసూయాపరుడు, కాని స్నేహితుని విడువనివాడు. వారు చచ్చుట తప్పదని అందరికిని తెలియును. అయినను చచ్చులోపల వారు చెప్పవలసిన మాట వారిచేత చెప్పించి, అటుపిమ్మటనే మన నాటకము వారిని చంపును. కనుక తెలుగువానికి ప్రతినాయకుని వినుట నేర్పవలసిన అవసరము లేదు. ఆ విద్య వానికి పుట్టుకతో వచ్చినది.

ఇక విజ్ఞాన రాక్షసుని సంగతి వేరు. చాలాకాలము ఆ వేషము నాయకుని దరికి రాలేదు. 1963లో వచ్చిన తమిళ చిత్రము ‘కలై అరసి’లో అన్యగ్రహమునుండి వచ్చిన దుష్టునిగా నంబియార్ వేసెను. ఎమ్.జి.ఆర్. మాత్రము నాయకుడే. 1991లో సింగీతము శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ మన భాషలో కాలయంత్రపు కథకు పేరు తెచ్చినది. అందులో బాలకృష్ణ నాయకుడును, శ్రీకృష్ణదేవరాయలును. వజ్రమునకై పాట్లు పడు దుష్టుడు అమ్రీష్ పురి. యంత్రము దుష్టుని చేతిలో ఉండవచ్చును గాని, దుష్టుని ముఖము మన వాని ముఖము కారాదని ఆనాటి కట్టుబాటు.

ఆ కట్టు మన యెదుటనే సడలినది. 2008లో ‘దశావతారము’లో కమలహాసన్ పది వేషములు వేసెను. ప్రయోగశాలలో పుట్టిన విషక్రిమిని కాపాడ పరుగెత్తు శాస్త్రజ్ఞుడు గోవిందు ఆయనే, దానికై వెంటాడి మనుష్యులను చంపు ఫ్లెచర్ ఆయనే. ‘మరోచరిత్ర’, ‘సాగరసంగమము’, ‘స్వాతిముత్యము’ చూచి కంట తడి పెట్టిన మన ఆడపడుచులు, ఆ తెల్లదొర మన కమలే యని చెప్పినను మొదట నమ్మలేదు. నమ్మిన పిమ్మట వేషమును మెచ్చిరి. కాని అది ముఖము మార్చిన వేషము. నటుడు మరుగున పడినాడు గనుక అభిమానికి పెద్ద చిక్కు కలుగలేదు.

అసలు చిక్కు 2010 అక్టోబరు 1వ తేదీన వచ్చినది. ఆ దినము శంకర్ దర్శకత్వమున రజనీకాంత్ నటించిన ‘రోబో’ విడుదలయినది. రజనీకాంత్ బెంగుళూరున పుట్టి, అక్కడనే సిటీబస్సు కండక్టరుగా పని చేసినవాడు. గనులలోని తమిళ, తెలుగు, కన్నడ సోదరులు మువ్వురును ‘మా వాడు’ అని వాదులాడుకొనదగిన నటుడు. అందులో వశీకరన్ అను శాస్త్రజ్ఞుడు, అతడు చేసిన చిట్టి అను యంత్రపురుషుడు ఇరువురును రజనీయే. సగము కథ వరకు చిట్టి మన ఇంటి పిల్లవాడు. దోమలతో మాటలాడును, ప్రసవము చేయించును. పిదప ప్రేమ కలిగి, తిరస్కారము పొంది, చెత్తకుప్పలో పడి, ఎఱ్ఱ చిప్పు తగిలింపబడి రాక్షసుడగును. తనవంటి వందల యంత్రములను తయారు చేసి పట్టణమును గడగడలాడించును.

ముఖమున ఏ మరుగును లేదు. తాము పాలాభిషేకము చేసిన ముఖమే నిర్దోషులను కాల్చుచున్నది. అప్పుడు అభిమానులు ఏమి చేసిరి? ఈలలు వేసిరి. నాయకుడైన వశీకరన్‌కు వేసిన ఈలల కంటె, మేకవలె ‘మే’ అని అరచి వెక్కిరించు దుష్టచిట్టికి వేసినవి ఎక్కువ. బళ్లలో, వీధులలో పిల్లలు ఆ అరుపునే పట్టుకొనిరి. పాత అభిమానులు మాత్రము దీనిని వింతగా తలపలేదు. 1976లో ‘మూండ్రు ముడిచ్చు’, 1977లో ‘పదినారు వయదినిలే’ చిత్రములలో రజనీ వెలుగులోనికి వచ్చినది దుష్టపాత్రలతోనే గదా. ముప్పదియేండ్లు నాయకత్వమునకు బందీయైన పాత విలను మరల బయట పడినాడని వారు సంబరపడిరి. అయితే చివరన న్యాయస్థానము ఆజ్ఞ మేరకు చిట్టి తన అవయవములను తానే విప్పుకొను ఘట్టమున, ఈలలు వేసినవారే నిశ్శబ్దముగ కూర్చుండిరి. నవ్వినవాని కొరకే ఏడ్చుట, ఇదే ఆ చిత్రము అభిమానులకు పెట్టిన పరీక్ష.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ‘రోబో’ అను పదము ఇంగ్లీషువారిది కాదు. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకము వలన లోకమునకు వచ్చినది. దానికి మూలమైన ‘రొబోత’ అను చెక్ మాటకు వెట్టిచాకిరి యని అర్థము. ఆ నాటకమున చాకిరికై చేయబడిన కృత్రిమ మానవులు యజమానులపై తిరుగబడుదురు. చాకిరి చేసి, పనికిరాని నాడు కుప్పలో పారవేయబడినవాడు తిరుగబడుట అన్న కథ మన గనుల కుటుంబములకు ఎవరో వివరింపవలసినది కాదు. చిట్టిని చెత్తకుప్పలో చూచినప్పుడు మనవారికి కలిగిన జాలిలో ఇదియు ఒక పాలు ఉండవచ్చునని నా యూహ.

2016 మే 6వ తేదీన వచ్చిన ‘24’ చిత్రమున సూర్య ఇంకొక మెట్టు ఎక్కెను. కాలమును వెనుకకు త్రిప్పు గడియారమును కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు సేతురామన్, వాని కవల సోదరుడు ఆత్రేయ, కుమారుడు మణి ముగ్గురును సూర్యయే. ఆత్రేయ చక్రముల కుర్చీలో కూర్చుండి, పోగొట్టుకొన్న 26 సంవత్సరములను తిరిగి పొందుటకై సొంత రక్తమునే చంప చూచును. మా రైల్వేవారికి గడియారముతో చెలగాటము ఎంత ప్రమాదమో తెలియును గనుక ఈ కథ మా బండిలో బాగుగనే చర్చింపబడినది. మెకానిక్కు మణి కంటె ఆత్రేయ నటన మిన్న యని యువకులు తీర్పు చెప్పిరి.

2024 జూన్ 27వ తేదీన మన తెలుగువారే, వైజయంతీ సంస్థ పక్షమున అశ్వనీదత్ నిర్మాతగా, నాగ్ అశ్విన్ దర్శకుడుగా ‘కల్కి 2898 ఏ.డి.’ తీసిరి. ప్రభాస్ నాయకుడు, అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ. గర్భవతుల గర్భములనుండి జీవరసమును తీసి తాను బ్రతుక చూచు యాస్కిన్ అను దుష్టుడుగా కమలహాసన్ వేసెను. ఎండిన శరీరము, గొట్టములు, మెల్లని మాట. కనుపించునది కొద్దిసేపు మాత్రమే. దానితో కమల్ అభిమానులు రెండు పక్షములైరి. ఇంతటి నటునికి ఇంత చిన్న పాత్రయా యని ఒక పక్షము. చివర ఒక్క చుక్కతో శరీరము మారిన ఘట్టమే చాలును, మిగిలినది రెండవ భాగమున చూచుకొందమని రెండవ పక్షము. గమనింపుడు. దుష్టపాత్ర ఎందుకు వేసినాడని అడిగినవారు అరుదు. ఇంకను ఎక్కువ ఎందుకు లేదనియే వారి తగవు. 1991 నాటి కట్టుబాటు ముప్పదిమూడేండ్లలో ఇంత దూరము వచ్చినది.

మన పెద్దలలో కొందరికి ఇది నచ్చుట లేదు. రావణునికి పద్యముండెను, ధర్మసూక్ష్మముండెను, వీరికి ఏమున్నది, పిల్లలు చెడుపు నేర్చుకొందురు అని వారు సంఘ సమావేశములలో చెప్పుచున్నారు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. రావణుని శక్తి తపస్సు వలన వచ్చినది, దానికొక వెల యున్నది. యాస్కిన్ శక్తికి ఇతరులే వెల చెల్లింతురు. కనుక క్రొత్త దుష్టుడు పాతవాని కంటె నీచుడు. అయితే అందువలననే వానిని చూపుట అవసరమని నా అభిప్రాయము. వరమిచ్చిన శివుని తలపైననే చేయి పెట్టబోయిన భస్మాసురుని కథ మన పిల్లలకు చెప్పుచున్నాము గదా. నిర్మించిన వానిపై తిరిగిన చిట్టి కథ దానికి చుట్టమే. పైగా ఆ దుష్టుని ముఖము పరాయివానిది కాక ప్రియమైన నటునిదే యైనప్పుడు, చెడుగు బయటివారి సొత్తు కాదని పిల్లవాడు గ్రహించును. తన నాయకుడు ఓడుటను ఓర్చుకొని, ఆ ఓటమి న్యాయమే యని ఒప్పుకొనగలిగిన అభిమాని, రేపు తన పక్షము వాడు తప్పు చేసినను తప్పే యనగలడు. నేటి కాలమున ఇది చిన్న చదువు కాదు.

ఈ చదువు మన ఊరికి క్రొత్తయు కాదు. మన గనియే ద్విపాత్రాభినయము చేసినది. 1965లో ఇదే గనుల లోతులలో, సుమారు 2.3 కిలోమీటర్ల క్రింద, మన దేశపు శాస్త్రజ్ఞులు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి, ఆకాశమునుండి వచ్చు న్యూట్రినోల జాడను లోకములో మొట్టమొదట పట్టిన వారిలో నిలిచిరి. అది విజ్ఞానపు నాయక ముఖము. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి మన తాతలను దగ్గించి దగ్గించి తీసికొనిపోయినది. బంగారమును వేరుచేసిన సైనైడు పొడి దిబ్బలుగా నిలిచి గాలికి నేటికిని ఇండ్లపై పడుచున్నది. అది రెండవ ముఖము. 1956లో రాష్ట్ర ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను తీసికొన్నవి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతబడినవి. నాటినుండి మన యువకులు తెల్లవారుజామున బండి యెక్కి బెంగుళూరికి పోయి, రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. అన్నము పెట్టిన గనిని ద్వేషింపలేము, ప్రాణము తీసిన గనిని పూజింపలేము. రెండును కలిపి జ్ఞప్తి యుంచుకొనుటయే మనకు మిగిలినది. అభిమాన నటుని దుష్టపాత్రను చూచు కన్ను ఇటువంటిదే.

తుదకు ఒక మనవి. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు. వారి తెలుగు చాలవరకు తెరమీది తెలుగు, అందులోను సగము డబ్బింగు తెలుగు. చిట్టి మాటలు వచ్చిన పిల్లవానికి రావణుని పద్యము రాకపోవుట వాని తప్పు కాదు. పెద్దలు పిల్లవానిని, పిల్లలు పెద్దలను వెక్కిరించుట మాని, వచ్చే ఉగాది సాయంకాలమున సంఘము పక్షమున ఒకే వేదికపై రెండును జరిపింతము. ఒక పెద్దాయన సుయోధనుని సంభాషణ చెప్పవలెను. దానిని ఒక పిల్లవాడు నేర్చుకొని మరల చెప్పవలెను. ఆపైన ఆ పిల్లవాడే యంత్రపురుషుని వేషము వేయవలెను. సంభాషణ తప్పిన యెడల సరిదిద్దుటకు తాతలు ముందు వరుసలో కూర్చుందురు. ‘మే’ అని అరచునప్పుడు తాతలును ఒక్క ఈల వేయవలసి యుండును. ఆంధ్ర సోదర సోదరీమణులకెల్లరకు నూతన సంవత్సరము ఆయురారోగ్యములను, చేతినిండ పనిని ఇచ్చుగాక.