పెద్దబాతు

పెద్దబాతు గుడ్లకు, మాంసానికి, కాపలాకు పెంచే నీటిపక్షి. ఐరోపా జాతులు బూడిదరంగు అడవి పెద్దబాతు నుంచి, ముక్కు మొదట బుడిపె ఉండే చైనా జాతులు ఆన్సర్ సిగ్నాయిడిస్ అనే మరో అడవి పక్షి నుంచి వచ్చాయి. గుడ్డు 120–170 గ్రాములు తూగుతుంది. పొదుగుకాలం దాదాపు 30 రోజులు. ఆయుష్షు 20 ఏళ్ల వరకు ఉంటుంది.

ముఖ్యాహారం పచ్చగడ్డి కాబట్టి దాణా ఖర్చు తక్కువ. పత్తి మొక్కను ముట్టకుండా చేలోని గడ్డిజాతి కలుపునే మేయడం దీని విశిష్ట గుణం. 20వ శతాబ్ది మధ్యకాలంలో అమెరికా రైతులు దీన్ని పత్తిచేలలో కలుపుతీతకు దించేవారు. పత్తి, వరి పండే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు ఇది ప్రత్యేకంగా గమనించదగ్గ విషయం. వరిలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు; వరీ గడ్డిజాతి పైరే.

కొత్త మనిషి అలికిడికి బిగ్గరగా అరవడం వల్ల దీనికి కాపలా పక్షిగా పేరొచ్చింది. పొదిగే కాలంలో మగపక్షి మనుషులపైకీ వస్తుంది.

సాహిత్యానికి వస్తే, చంద్రపూర్ ఉన్న విదర్భ నలదమయంతుల కథలో దమయంతి పుట్టిల్లు. శ్రీనాథుడు శృంగార నైషధంగా తెనిగించిన ఆ కథలో రాయబారి హంస. ప్రాచీన భారత సాహిత్య, శిల్పాల్లోని హంస పెద్దబాతేనని డచ్చి పండితుడు వోగెల్ 1962లో వెలువడిన గ్రంథంలో వాదించాడు.