హిరణ్యకశిపుని వేషము

వీథిభాగవతములలో హిరణ్యకశిపుని మీరెన్నియో మారులు చూచియుందురు. తెర వెనుకనుండి ఆతడు గద ఝళిపించుచు వెడలిన క్షణమున, తల్లి యొడిలోని బిడ్డలు గుక్కపట్టి యేడ్చెడివారు. ఆ వేషము నెట్లు కట్టెడివారో, అందు మన పెద్దల యాలోచన యెట్టిదో, నాకు తెలిసినంతవరకు నేడు మనవి చేసికొందును.

మాది పరిటాల. మా చిన్నతనమున నొక వేసవిలో ఊరివారే ప్రహ్లాదనాటక మాడదలచిరి. అద్దె నగలు తెప్పించుటకు సొమ్ము లేదు. మా పెదతండ్రిగారు “ఇంట్లో ఉన్నవాటితోనే చేద్దాం” అని, పిల్లలమైన మమ్ము పనికి పురికొల్పిరి. కొండపల్లి మా యూరికి ఒకపూట నడక. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతపిక్కల పొడిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవములు అతికి, సుద్ద పూసి, పిమ్మట రంగులు వేయుదురు. పొణికి దూదివలె తేలిక. తలపై రాత్రియంతయు మోయవలసిన కిరీటమునకు అంతకన్న మంచి కఱ్ఱ లేదు గాని, అంత పెద్ద దుంగ మాకు దొరకలేదు. అందుచేత వెదురుబద్దలతో చట్రము కట్టి, పాతపంచె పేలికలను చింతపిక్కల అంబలిలో ముంచి దానిపై పొరలు పొరలుగా పరచితిమి. ఒక పొర ఆరక మునుపు రెండవది వేసినచో లోపల బూజు పట్టును. మేము తొందరపడి మొదటి కిరీటము నట్లే చెడగొట్టితిమి. రెండవసారి ఓపిక పట్టి, మక్కుతో పువ్వులు దిద్ది, సుద్ద పూసి, కాకిబంగారపు రేకు నంటించితిమి. మా సీమలో పూర్వము వజ్రములు త్రవ్విరి. పొరుగూరి పేరే గనిఆత్కూరు. ఐనను మా హిరణ్యకశిపుని కిరీటమున మెఱసినవి పగిలిన గాజుల ముక్కలే! ఎండిన సొరబుర్ర గద యైనది. జనుపనారకు నూనెయు ఆముదపుదీపపు మసియు పట్టించగా మీసము లైనవి.

ముఖమునకు అరదళము. ఈ పచ్చనిరాతిని నూరి పూసికొనుట భాగవతులకును నాటకములవారికిని చిరకాలపు అలవాటు. దివిటీల వెలుతురున అది బంగారమువలె ప్రకాశించును. ఐతే అది గంధకముతో కూడిన పాషాణము, అనగా విషము. నోట పడకుండ, కంట పడకుండ పూయుట ఒక విద్య. ఆట ముగిసిన వెంటనే కడిగికొనుట అంతకన్న ముఖ్యము. ఇప్పుడు వేఱు రంగులు వచ్చినవి గనుక ఎవ్వరును దాని జోలికి పోరాదు. ఎన్ని తరములవారు ఆ విషమును ముఖమున మోసి మనలను మెప్పించిరో తలచుకొన్నచో నాకు మనసు కలుక్కుమనును.

ఇక నరసింహస్వామికి సింహముఖము కావలెను. బంకమట్టితో సింహపుమోము చేసి, దానిపై గుడ్డపొరలంటించి, నాలుగైదు దినములు ఎండనిచ్చి, లోని మట్టిని గీకి తీసివేసితిమి. పొణికి పుల్లలతో కోరలు చెక్కితిమి. రెండు కోరలు మిగిలినవి. వానిని హిరణ్యకశిపునకు పెట్టుదమని నేను పట్టుపట్టితిని. రాక్షసునకు కోరలుండవలదా? పెదతండ్రిగారు నవ్వి, “ఒరేయ్, కోరలు స్వామికిరా, వీడికి కాదు. వీడు రాజు. రాజుకి కోరలు బయటికి కనబడవు” అనిరి.

ఆ మాట నన్ను చాలకాలము వెంటాడినది. చూడుడు, ఎంత విపరీతము! దేవుని ముఖము భయంకరమైన తొడుగు. దుర్మార్గుని ముఖము మనవంటి మనుష్యుని ముఖము. ఇది మా యూరి వింత కాదు. తమిళదేశమున తంజావూరు దగ్గఱ మేలట్టూరను గ్రామమున్నది. తంజావూరు నేలిన అచ్యుతప్పనాయకుడు అచ్చట బ్రాహ్మణకుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చెను. త్యాగరాజస్వామికన్న పెద్దవాడైన వెంకటరామశాస్త్రి ఆ యూర తెలుగున ప్రహ్లాదచరిత్రమును రచించెను. నేటికిని ఏటేట నరసింహజయంతి ప్రాంతమున దాని నచ్చట ఆడుచున్నారు. నరసింహుని ముఖమును పూజించెదరు. ధరించువాడు నాడు ఉపవాసముండును. ఆవేశము వచ్చినచో నలుగురు పట్టుకొనవలసినదే. అందును హిరణ్యకశిపునకు తొడుగు లేదు. రంగు పూసిన మానవముఖమే.

దీనికి కారణమేమి? తొడుగు వేసినచో కన్నుబొమ్మ కదలదు, పెదవి వణకదు. హిరణ్యకశిపుడు కొడుకును చంపబంపునప్పుడు ఆతని ముఖమున క్రోధముతోపాటు తండ్రిదుఃఖము కూడ కనబడవలెను. ఇది నటునికి సంబంధించిన కారణము. చూచువారికి సంబంధించిన కారణము మఱియొకటి కలదని నా యభిప్రాయము. దుర్మార్గుని జూచి “వీనిని మనమెఱుగుదుము” అని జనులు గుర్తుపట్టవలెను.

ఇందుకు మాచుపల్లి కైఫీయతు సాక్ష్యము. మెకంజీదొర సేకరింపించిన గ్రామచరిత్రలలో నది యొకటి. 16వ శతాబ్దపు తొలియేండ్లలో కడపమండలమందలి సిద్ధవటము సీమ సమ్మెట గురువరాజు చేతిక్రింద నుండెను. పన్నులకై ఆతడు స్త్రీలను సైతము చిత్రహింసల పాలుచేసెను. కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును చూచి, విజయనగరము చేరి, వీరనరసింహరాయల సముఖమున ఆట కట్టిరి. ఒకడు గురువరాజు వేషము, ఇరువురు వాని బంట్ల వేషములు, ఒకడు స్త్రీవేషము ధరించి, చూచినది చూచినట్లు ఆడి చూపిరట. రాయలు సంగతి విచారించి, సేనను పంపి, గురువరాజును పట్టించి చంపించెనని ఆ కైఫీయతు చెప్పుచున్నది.

ఆ రాత్రి ఆ నటుడు ఏమేమి ధరించెనో కైఫీయతు చెప్పదు. కాని యొక్కటి ఆలోచింపుడు. బ్రతికియున్న అధికారి వేషమది. రాయలు నమ్మకున్నచో ఆ భాగవతులు మరల సిద్ధవటము మీదుగా ఇల్లు చేరగలిగెడివారా? కోరలు పెట్టి రాక్షసునిగా చూపియున్నచో రాయలు వేడుకగా చూచి, బహుమానమిచ్చి పంపివేసెడివాడేమో! మనుష్యునిగా చూపిరి గనుకనే “ఎవడు వీడు?” అని యడుగవలసివచ్చినది.

మా సీమలోను ఇట్టిది జరిగినది. చుట్టును ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా యుండగా పరిటాల మాత్రము నైజాము నవాబుది. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను నైజాము లోబడలేదు. ఆ యేడే పరిటాలవారు ఆతని పాలనను త్రోసిపుచ్చి తమది స్వతంత్ర రిపబ్లిక్కని ప్రకటించుకొనిరి. ఆ కాలముననే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు తెలంగాణపు రైతుల కష్టములనుగూర్చి ‘మా భూమి’ నాటకమును వ్రాసిరి. ప్రజానాట్యమండలివారు కృష్ణాజిల్లా పల్లెలలో దాని నాడిరి. అందలి ప్రతినాయకుడు దొర. ఆతనికి కిరీటము లేదు, భుజకీర్తులు లేవు, అరదళపు పసిమి లేదు. ఐనను చూచినవారు గుర్తుపట్టిరి. మద్రాసు ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించినది. హిరణ్యకశిపుని ఆట నెవ్వరు నిషేధించిరి?

మా ప్రహ్లాదనాటకము రెండు రాత్రులు జరిగినది. కిరీటమును అటుకపై పెట్టితిమి. ఎలుకలకు చింతపిక్కల అంబలి రుచి తగిలి, మఱుసటేటికి వెదురుబద్దలే మిగిలినవి. సింహముఖమును మా పెదతండ్రిగారు క్రొత్తగుడ్డలో చుట్టి, వేపాకు వేసి, దేవునిగదిలో దాచిరి. మిగిలిన ఆ రెండు కోరలును చాలకాలము నాయొద్దనే యుండెడివి.