కృష్ణాతీరమున గ్రామఫోను ప్లేటు

ఒకే గాయకుడు ఒకే దినమున పాడిన ఒకే పాటను మోయు రెండు గ్రామఫోను ప్లేట్లు, నడుమ అంటించిన కాగితము మొదలు అచ్చువేసిన కర్మాగారము వరకు అన్నిట సమానములై యుండియు, ముల్లు మోపి వినినపుడు ఒకటి గాయకుని మన యెదుట కూర్చుండబెట్టుటయు, రెండవది ఆయనను గోడ కావల నిలుపుటయు, ప్లేట్లు సేకరించువారెల్ల ఎరిగిన విషయమే. పాశ్చాత్యదేశములలో ఈ భేదమును వెదకుట యొక వ్యసనమై, పిదప వ్యాపారము కూడ అయినది. లెడ్ జెప్పెలిన్ బృందమువారి రెండవ ఆల్బము 1969లో వెలువడినపుడు, రాబర్ట్ లుడ్విగ్ అను నిపుణుడు చెక్కిన తొలి ప్రతులలో మంద్రధ్వని మిక్కిలి బలముగా నుండుటచే చవుక యంత్రములపై ముల్లు ఎగిరిపడుచున్నదని, దానిని తగ్గించి మరల చెక్కించిరని చెప్పుదురు. నేడు లేబులు చెంత నున్నని అంచున ఆయన పొడియక్షరములు గల తొలి ప్రతికై రసికులు పెద్ద మూల్యము చెల్లించుచున్నారు. బెజవాడలో పాతసామానుల యంగడి ముందర లక్క ప్లేటును వెలుతురునకు త్రిప్పి చూచువాని ప్రయత్నమును ఈ జాతిదే, కాని దాని చరిత్ర వేరు.

భేదమునకు మూలము అచ్చులో నున్నది. మైనపు పలకపై చెక్కిన గాడుల నుండి లోహముతో తీసిన తొలి ప్రతిరూపమును తండ్రి యనియు, దాని నుండి తీసినదానిని తల్లి యనియు, తల్లి నుండి తీసి ప్లేట్లను నొక్కుటకు వాడు అచ్చును స్టాంపరు అనియు ఆ వృత్తివారు వ్యవహరింతురు. స్టాంపరు నొక్కిన కొలది అరుగును; అరిగిన కొలది తారస్థాయి మొద్దువారును. బ్రిటనులో ఇ.ఎం.ఐ. వారు ప్రతి స్టాంపరునకును సంఖ్య నిచ్చి, అంకెలకు మారుగా గ్రామఫోను కంపెనీ పేరునుండి తీసిన పది యక్షరములను, జి మొదలు డి వరకు, అంచున ముద్రించెడివారు. ఆ గుర్తు తెలిసినవాడు తన చేతి ప్రతి యెన్నవ యచ్చునుండి పుట్టినదో చెప్పగలడు.

మనదేశమున ఈ కథ 1902లో మొదలైనది. గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి గానమును చెక్కుకొనిపోగా, ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చై మరల ఓడనెక్కి వచ్చినవి. ఛోటా నాగపురపు అడవులలో పలాశ, కుసుమ వృక్షములపై పురుగులు కూర్చిన లక్క సముద్రములు దాటి, రాతిపొడితోను మసితోను కలిసి, పాటగా తిరిగి వచ్చుట వింతయే. 1908లో కలకత్తా సియాల్డాలోను, 1920ల చివర డమ్‌డమ్‌లోను కర్మాగారములు వెలసిన పిమ్మట ఆ ప్రయాణము తగ్గినది.

కృష్ణామండలమున ఆనాడు వినదగినదనగా నాటకపద్యమే. మైలవరపు నాటకసమాజమున కపిలవాయి రామనాథశాస్త్రి కంఠమునకు లోకము దాసోహమన్న దినములవి. మైకు లేని పందిరిలో కడపటి వరుసవానికి వినిపింపవలసిన నటుడు గొంతెత్తి పాడుట విధియై యుండెను. 1925కు పూర్వము విద్యుత్తు లేక బాకాలోనికి పాడి ప్లేటు చెక్కు పద్ధతికి సరిగా అట్టి గొంతే కావలసియుండెను. మైక్రోఫోను వచ్చిన పిదపనే స్థానం నరసింహారావుగారి వంటి సుకుమారమైన స్త్రీపాత్రగానమునకు ప్లేటుపై న్యాయము జరిగినదని నా తలంపు. ఐతే పదియంగుళముల ప్లేటుకు ఒక వైపున మూడు నిమిషములకు మించి చోటు లేదు. పందిరిలో శ్రోతలు వన్స్‌మోర్ అనుచుండగా రాగమును సాగదీసిన నటుడు ఇచట పద్యమును ముగించి వెంటనే విరమింపవలెను. ఆ ప్లేట్లను విని పూర్వులు ఇంత పొదుపుగా పాడిరని మెచ్చుకొనువారు ఈ నిర్బంధమును మరతురు.

శ్రుతి చిక్కు మరియొకటి. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లన్నది తరువాత కుదిరిన నియమము. ప్రాత ప్లేట్లలో కొన్ని అంతకు తక్కువగను, కొన్ని ఎక్కువగను చెక్కబడినవి. వేగము తప్పినచో నటుని కంఠము సన్నగిల్లి బాలుని గొంతగును, లేదా బరువెక్కి మరియొకరిదగును. పక్కన హార్మోనియము పెట్టుకొని, కట్టతో కట్ట కలియువరకు యంత్రపు వేగమును సవరించుకొనుటయే దీనికి మందు. ఇది చేయక కపిలవాయివారి గొంతును గూర్చి తీర్పు చెప్పరాదు.

మంచి ప్రతిని వెదకు బుద్ధి ఈ ప్రాంతమున రేడియోతో పుట్టినదని నేననుకొందును. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. అంతవరకు కీ ఇచ్చి త్రిప్పు యంత్రముపై, బరువైన సౌండుబాక్సు క్రింద, ఉక్కుముల్లు దున్నిన ప్లేట్లనే వినినవారికి, తేలిక చేతితో తాజా ప్రతిని వినిపించు రేడియో ఒక కొలబద్ద అయినది. తన యింటి ప్లేటు రేడియోలోని ప్లేటువలె ఏల పలుకదని అడిగినవాడే తొలి అన్వేషకుడు.

ఆ ప్రశ్నకు ఉత్తమమైన ఉదాహరణము ఘంటసాల వేంకటేశ్వరరావుగారి ప్రైవేటు ప్లేట్లు. 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో జన్మించిన ఈ డెల్టాబిడ్డ, జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము, కుంతీకుమారి పద్యములను హెచ్.ఎం.వి.కి పాడినపుడు వాద్యముల సందడి తక్కువ, కంఠము ప్రధానము. తరువాత ఇవి ఎల్పీలకును కాసెట్లకును ఎక్కినవి. చిటపటలను అణచుటకై పైస్థాయిని కత్తిరించినపుడు, పాదాంతమున గాయకుడు తీసిన యూపిరియు, సకారములోని వాడియు దానితో పోయినవి. చిటపట వలదనువారు ఎల్పీ కొనవచ్చును. నాకు మాత్రము తక్కువ అరిగిన లక్క ప్లేటే మేలు.

ఎల్పీ అమెరికాలో 1948లోనే పుట్టినను లక్క మనదేశమున 1960లలోను చావలేదు. కరెంటు లేని గ్రామములలో కీ యంత్రములే యుండుటచే, బ్రిటను లక్కను విడిచిన తరువాతను డమ్‌డమ్‌లో దానిని నొక్కుచుండిరి. బీటిల్స్ పాటలు సైతము ఇచట లక్కపై వెలువడినవి. నేడు ఆ డమ్‌డమ్ ప్లేట్లకై లండను, న్యూయార్కు సేకర్తలు వెదకుట చూచి నవ్వు వచ్చును. లక్క ఇంతకాలము నిలిచినందుననే మాయాబజారు కాలపు సినిమా పాటలను వినుటకు లక్క ప్లేటే తొలి రూపము.

1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశసుప్రభాతము ఎల్పీగా వచ్చి గుడి గుడికి, ఇంటింటికి చేరినది. దశాబ్దములపాటు మరల మరల అచ్చైన ఇట్టి రికార్డునకే మంచి ప్రతి దొరకుట కష్టము: తరువాతి అచ్చులు అరిగినవి, తొలి ప్రతులు ప్రతి యుదయమును ముల్లు క్రింద నలిగినవి. నిత్యము వినిన యింటి ప్రతికంటె భక్తి కొంచెము సన్నగిల్లిన యింటి ప్రతి శ్రవణమునకు మేలని చెప్పుట అపచారమైనను సత్యము. దానవీరశూరకర్ణ చిత్ర సంభాషణల రికార్డులును అట్టివే. పందిళ్ళలో మైకుసెట్టువారు వాడిన ప్రతులను, లేబులుపై వారి రబ్బరుముద్ర కనబడగానే విడిచిపెట్టుట వివేకము.

కాలము చేసినదానికి ప్రకృతి తోడైనది. వేసవిలో బ్లేజువాడ అని పరిహసించు బెజవాడ ఎండకు వినైలు వంగును. వానకారు తేమకు అట్టపై బూజు పట్టును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ యిళ్ళే పోయినపుడు ప్లేట్ల లెక్క ఎవరు వేయుదురు? 1980లలో కాసెట్టు వచ్చి, మిగిలిన ప్లేట్లను అటుకెక్కించినది.

కావున పాతదే మేలనుట పొరపాటు. తొలి స్టాంపరునుండి పుట్టి ఉక్కుముల్లున నలిగిన ప్రతికంటె, తరువాతి అచ్చున పుట్టి సంచి విప్పని ప్రతి బాగుగా పలుకును. లేబులు రంగు చూచి వెల కట్టువారిని నమ్మక, అంచున చెక్కిన సంఖ్యను, ఏటవాలు వెలుతురులో గాడుల నిగనిగను చూడవలెను. గాడులు బూడిదరంగుగా కనబడినచో ముల్లు వానిని తినివేసినదని యర్థము.

అటుకలమీద లక్క ప్లేట్లు గల పాఠకులకు ఒక మనవి. వానిని పరుండబెట్టక నిలువుగా నిలుపుడు. ఎల్పీ ముల్లుతో వాయింపకుడు, లక్క గాడి అంతకంటె వెడల్పైనది. అన్నిటికంటె ముఖ్యముగా, శుభ్రపరచుటకు స్పిరిటు వాడకుడు. లక్క స్పిరిటునందు కరగును.