ముదిమియందు హృదయ కవాట చికిత్స

హృదయమునందలి నాలుగు కవాటములలో ఒకటి ఎడమ జఠరికకును బృహద్ధమనికిని నడుమ నున్నది. దేహమునకు పోవు నెత్తురంతయు ఈ ద్వారము గుండానే వెడలవలెను. వార్ధక్యమున కొందరికి దీని రెక్కలపై కాల్షియము పేరుకొని దారి ఇరుకగును. ఆయాసము, ఎదనొప్పి, మూర్ఛ కలుగును. ఈ లక్షణములు బయటపడిన పిదప రోగి సగటున రెండు మొదలు ఐదేండ్లకంటె బ్రతుకుట లేదని 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అను అమెరికా వైద్యులు చూపిరి. మందులతో ఈ ద్వారము తెరచుకొనదు.

1960లో అమెరికాలో హార్కెన్, స్టార్ అను శస్త్రవైద్యులు పంజరములో బంతివలె నుండు కృత్రిమ కవాటములను రోగుల గుండెలలో అమర్చిరి. ఇందుకు రొమ్ము కోసి, గుండెను ఆపి, రక్తమును యంత్రముతో నడపవలెను. ఎనుబదేండ్ల దేహము దీనికి తాళునా? 2005లో వెలువడిన ఐరోపా పరిశీలన ఒకటి కలదు. 75 ఏండ్లు నిండి, వ్యాధి ముదిరి బాధపడువారిలో మూడవ వంతు మందికి శస్త్రచికిత్స వలదని వైద్యులు నిర్ణయించిరట. అందుకు ఇతర రోగములకంటె వయస్సే ఎక్కువ కారణమైనది! చేయకుండుట జాగ్రత్తవలె తోచును. కాని 1968 నాటి లెక్కను మరువరాదు.

ఫ్రాన్సులోని రువాన్ నగరమున క్రిబియే అను వైద్యుడు 1985లో 72 ఏండ్ల వృద్ధురాలి కవాటమును, రక్తనాళము గుండా పంపిన చిన్న బెలూనును ఉబ్బించి వెడల్పు చేసెను. ఆమె కుదుటపడెను. కాని ఇట్లు తెరచిన ద్వారములు కొలది నెలలలోనే మరల ఇరుకగుచుండెను. అచ్చటనే క్రొత్త కవాటమును లోహపు జాలికలో కుట్టి నిలిపినచో? విన్నవారు పలువురు జరుగని పని అనిరి. 2002 ఏప్రిల్ 16న ఆయన తొడ సిర గుండా దానిని పంపి అమర్చెను. ఆ రోగి వయస్సు 57 మాత్రమే. శస్త్రవైద్యులు ఆశ వదలుకొన్నవాడు. నాలుగు నెలలకు వేరు చిక్కులతో మరణించెను, కాని కవాటము పనిచేసినది.

2010లో వెలువడిన అమెరికా పరీక్షలో శస్త్రచికిత్సకు పనికిరారనిన 358 మంది పాల్గొనిరి. సగటు వయస్సు 83. పాత పద్ధతివారిలో ఏడాదికి 50.7 శాతము, క్రొత్త కవాటము పొందినవారిలో 30.7 శాతము మరణించిరి. అయితే పక్షవాతము క్రొత్త పద్ధతిలోనే హెచ్చు. ఐదేండ్లకు మరణములు 93.6, 71.8 శాతములు.

ఇట్టి లెక్కలు చూచిన పిమ్మట, వయస్సొకటే అడిగిన చాలదు. నేడు రోగి నడక వేగమును, చేతి పట్టును, జ్ఞాపకశక్తిని పరీక్షింతురు. అతడేమి కోరుచున్నాడో కూడ అడుగుదురు. ఆయాసము లేక మెట్లెక్కిన చాలుననువారు కలరు. ఇక ఆసుపత్రి ముఖము చూడననువారును కలరు.