లెక్క తేలని ఊరు

హలబ్జా అంటే ఒకప్పుడు దానిమ్మ తోటలు, కవులు. ఇరాక్ ఈశాన్యపు అంచున, షారజూర్ మైదానం హౌరామాన్ కొండల పాదాలను తాకే చోట ఉన్న చిన్న కుర్దు పట్టణం అది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో ఆ ఊరిని ఏలింది ఒక స్త్రీ, ఆదిలా ఖానుమ్. బజారు కట్టించింది, తగవులు తీర్చింది. బ్రిటిష్‌వాళ్ళు మన దేశంలో పంచిన ‘ఖాన్ బహదూర్’ బిరుదు ఆమెకూ ఇచ్చారు. కుర్దు కవిత్వానికి కొత్త నడక నేర్పిన అబ్దుల్లా గోరాన్ 1904లో పుట్టిందీ ఆ ఊళ్ళోనే.

అటువంటి ఊరు ఒక్క పూటలో అంతరించింది.

ఇరాన్, ఇరాక్‌ల యుద్ధానికి అది ఎనిమిదో ఏడు. 1988 మార్చి 15న ఇరాన్ సేనలు, కుర్దు పోరాట యోధులైన పెష్మెర్గాలు కలిసి హలబ్జాను పట్టుకున్నారు. మర్నాడు ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ విమానాలు వచ్చాయి. ముందు మామూలు బాంబులు పడ్డాయి. తలుపులు ఊడాయి, కిటికీ అద్దాలు పగిలాయి. ఏళ్ళ తరబడి యుద్ధం నేర్పిన పాఠం ప్రకారం తల్లులు పిల్లలను తీసుకుని నేలమాళిగల్లోకి దిగారు. బాంబుల నుంచి కాపాడేది ఆ మాళిగే.

తర్వాత పడినవాటికి పెద్దగా చప్పుడు లేదు. మస్టర్డ్ గ్యాస్, నరాలను కుప్పకూల్చే విషవాయువులు. గాలి కన్నా బరువైనవి కాబట్టి అవి పైకి లేవలేదు. మెట్లు దిగి మాళిగల్లోకి వచ్చాయి. తియ్యని ఆపిల్ వాసన వేసిందని బతికినవాళ్ళు చెప్పారు. ముందు పక్షులు రాలాయి. కొందరు పిచ్చిగా నవ్వుతూ నవ్వుతూనే కూలిపోయారు. ప్రాణం నిలుపుకోవడానికి ఏ చోటు చేరారో ఆ చోటే వాళ్ళకు సమాధి అయింది.

తుర్కియే ఫొటోగ్రాఫర్ రమజాన్ ఓజ్‌తుర్క్ తీసిన చిత్రం ఒకటుంది. ఇంటి గడప దగ్గర ఒక తండ్రి ఒరిగిపోయి ఉన్నాడు. చేతుల్లో పొత్తిళ్ళ బిడ్డ. గడప దాటినా గాలి మారలేదు. ఇంకో ఐదు రోజులు గడిస్తే నౌరోజ్, కుర్దుల కొత్త ఏడాది పండుగ. ఆ పసివాడు దాన్ని చూడలేదు.

విషవాయువుల వాడకాన్ని నిషేధిస్తూ ప్రపంచం 1925లోనే జెనీవాలో ఒప్పందం రాసుకుంది. అయినా 1988 మేలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన తీర్మానం నేరస్థుణ్ణి పేరు పెట్టి పిలవలేదు, ఇరుపక్షాలూ మానుకోవాలంది. సద్దాంకు 2006లో ఉరి పడింది, కానీ మరో ఊరి కేసులో. ఉత్తర ఇరాక్‌లో ఈ మారణకాండ నడిపించిన అలీ హసన్ అల్ మజీద్‌ను 2010లో ఉరి తీశారు. తీర్పు రావడానికి దాదాపు 22 ఏళ్ళు పట్టింది. ఈలోగా ఊళ్ళో స్మారకం లేచింది. 2006 వర్ధంతి నాడు ఆ ఊరి యువకులే దాన్ని తగలబెట్టారు. చచ్చినవాళ్ళకు దండలేసే నాయకులు బతికినవాళ్ళకు నీళ్ళూ రోడ్లూ ఇవ్వలేదన్నది వాళ్ళ కడుపుమంట.

ఇంతకీ ఎంతమంది పోయారు? అందరూ చెప్పేది 5,000. బతికినవాళ్ళను అడిగి ఒక్కొక్క పేరూ రాసుకుంటూ పోతే తేలినవి 3,200 దాకా. ఈ రెండు అంకెల నడుమ ఉన్నవాళ్ళే నన్ను నిద్రపోనివ్వరు. ఎవరైనా మరణిస్తే పేరు చెప్పడానికి ఒక చెల్లెలో, పొరుగింటి అవ్వో మిగలాలి. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ ఒకే మాళిగలో కన్ను మూస్తే ఎవరు ఎవరి పేరు చెబుతారు? హలబ్జాలో దానిమ్మలు మళ్ళీ కాస్తున్నాయి. ఆ పేర్లు మాత్రం మట్టిలోనే ఉండిపోయాయి.