ఇరవయ్యో మాప్

అర్ధరాత్రి దాటింది. ఎమర్జెన్సీ సిజేరియన్. పాప ఏడుస్తోంది. తల్లికి మాత్రం రక్తం ఆగడం లేదు, గర్భసంచి ముడుచుకోవడం లేదు. మీరు స్క్రబ్ నర్సు. సర్జన్ మేడమ్ చెయ్యి చాచేలోపే మాప్ అందిస్తున్నారు. తెల్లటి మందపాటి గుడ్డ, ఒక మూలన నాడా. లోపలికెళ్లిన కాసేపటికే ఎర్రగా నానిపోయి పేగుల్లో కలిసిపోతోంది. కళ్లకు ఆనదు. లెక్కే దిక్కు.

కోతకు ముందు కట్టకు 5 చొప్పున 15 మాప్‌లు. సర్క్యులేటింగ్ సిస్టర్, మీరు కలిసి పైకి లెక్కపెట్టారు, ఆమె బోర్డు మీద రాసింది. రక్తం పొంగినప్పుడు ఇంకో కట్ట విప్పారు. ఆ హడావుడిలోనూ ఆమె 15 కొట్టేసి 20 వేసింది.

గర్భసంచి కుట్టేశారు. రక్తం అదుపులోకొచ్చింది.

"క్లోజ్ చేసేద్దాం. సిస్టర్, కౌంట్?"

వాడిన మాప్‌లను ఆమె ఒక్కొక్కటీ విప్పి ఐదేసి పరుస్తుంది. రెండు అంటుకుపోయి ఒకటిగా కనిపిస్తే అంతే సంగతులు.

19.

మళ్లీ. 19.

బయట స్ట్రెచర్ మీద ఇంకో కేసు. మేడమ్ చేతిలో సూది సిద్ధం. "బకెట్లో ఉంటుంది, చూడమ్మా."

లెక్క మీరే తప్పారేమో? సరిపోయిందనేస్తే పోదా? అమెరికాలో సర్జన్ అతుల్ గవాండే బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, లెక్కపెట్టినా వస్తువు లోపల మిగిలిపోయిన కేసుల్లో ఎక్కువ వాటికి రికార్డు "సరిపోయింది" అనే చెప్పింది. ఎమర్జెన్సీలో అలా మిగిలిపోయే ముప్పు దాదాపు 9 రెట్లు. ఇక్కడ నర్సు నోరు నొక్కుకుంటే ఆ తప్పు ఆమెది కాదు, ఆమెను కసిరే థియేటర్‌ది.

"ఒకటి తక్కువ మేడమ్. ఆగండి."

బకెట్. లేదు.

టేబుల్ కింద. లేదు.

కప్పిన గుడ్డల మడతల్లో. లేదు.

తల్లికి నడుము కిందే మత్తు. అన్నీ వింటోంది. "ఏమైంది సిస్టర్?"

"గుడ్డలు లెక్క చూసుకుంటున్నామమ్మా. పాప బాగుంది."

ఎక్స్‌రేకి ఫోన్ వెళ్తుంది. ఈ మాప్‌లన్నిటిలో ఓ దారం ఉంటుంది, ఫిల్మ్‌లో గీతలా పడుతుంది. మెషిన్ వచ్చేలోపు మేడమ్ చెయ్యి మళ్లీ లోపలికి.

కుడి పక్క. లేదు.

ఎడమ పక్క. పేగు వారన.

వేళ్లు ఆగాయి. నాడా దొరికింది. లాగుతారు.

20.

"మొదట్నుంచి మళ్లీ లెక్కపెట్టండి," అంటారు మేడమ్, సూది ట్రేలో పెట్టేసి. ఈసారి తనూ చూస్తున్నారు. చర్మం కుట్టే ముందు ఇంకోసారి లెక్కపెట్టాలి.